సీట్లు ఏడు, సిలిండర్లు మూడు



హైదరాబాద్‌లో కారు అంటే ఒక మనిషి, ఒక ఫోను. మా మరిపెడలో కారు అంటే ఖాందాన్. బంగ్లా చౌరస్తా కాడ చాయ్ హోటల్ ముందు ఒక గంట నిలబడితే తెలుస్తది. ముందు సీట్లో అబ్బా, వెనక అమ్మీ, దాదీమా, కోడలు, ఆమె ఒళ్లో చంటిది, ఆ వెనక ఇద్దరు పిల్లలు, వాళ్ల కాళ్ల కాడ టిఫిన్ డబ్బాలు. డిక్కీలో సామాన్ పట్టక తలుపు తాడుతో కట్టిన బండ్లు గూడ కనిపిస్తయి. అన్నారం షరీఫ్ పోతున్నరో, ఖమ్మంలో వలీమాకు పోతున్నరో, లేకుంటే ఆస్పత్రికో. ఏసీ మాత్రం ఫుల్లుగ తిరుగుతుంటది, ఎందుకంటే మన ఎండలు అట్లాంటివి.

ఇట్లాంటి ఇంటాయన "కొంచెం తాఖత్ ఉన్న ఇంజన్ కావాలె" అంటే మనవాళ్లే నవ్వుతరు. "ఏమిరా బేటా, రేసుకు పోతున్నవా?" అని మామూలు, చాచాలు మజాక్ చేస్తరు. ఇంజన్ బలం అనంగనే షౌఖ్ అనుకుంటరు, బిగ్గరగ పాటలు పెట్టుకొని తిరిగే కుర్రాళ్ల ఖాతాలో వేస్తరు. నేను అనేది వేరే. ఇంజన్ బలం నిజంగ జరూరత్ ఉన్నది ఆ ఒంటరి కుర్రానికి కాదు, ఏడుగురిని ఎక్కించుకున్న ఈ ఖాందాన్‌కే. కార్ల కంపెనీలు మాత్రం ఈ ఖాందాన్‌కే అన్నిటికంటె బలహీనమైన ఇంజన్లు అమ్ముతున్నయి. ఆ సంగతి కనపడకుండ ఇరవై పేర్ల పర్దా వేస్తున్నయి.

ముందు మన రోడ్డు సంగతి చూద్దాం. జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ మీదుగ ఖమ్మం పోయే 563 జాతీయ రహదారి మన ఊరి మీదుగ పోతది. పేరుకు జాతీయ రహదారి, మన దిక్కు నడిచేది మాత్రం పోయే బండి, వచ్చే బండి ఒకే తారు మీద. ఖమ్మం దిక్కు నుంచి గ్రానైట్ లారీలు, మిర్చి సీజన్ వస్తే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు ఎత్తుకొని పోయే బండ్లు, వాటి మధ్యలో ట్రాక్టర్లు, ఆటోలు. ఇక్కడ లారీని దాటుడు అంటే ఎదుటి నుంచి వచ్చే బండి తోవలోకి పోవుడే.

దీనికి హిసాబ్ ఉన్నది. మీరు 80 కిలోమీటర్ల వేగంతో దాటుతుంటే, ఎదురుగ వచ్చే బస్సు కూడ అంతే వేగంతో వస్తుంటే, సెకనుకు మీరు 22 మీటర్లు పోతరు, అది 22 మీటర్లు వస్తది. దాటేందుకు 10 సెకన్లు పడితే మీ ముందట ఖాళీగ ఉండాల్సిన రోడ్డు 440 మీటర్లు. ఇంజన్ లాగక అదే పనికి 14 సెకన్లు పడితే 600 మీటర్లు దాటుతది. మరిపెడ నుంచి ఖమ్మం దాకా అంత దూరం తేటగ, మలుపు లేకుండ కనపడే జాగాలు ఎన్ని ఉన్నయో మీరే చెప్పండి. ఆ నాలుగు సెకన్లు మన పిల్లల జాన్.

"దాటకుండ వెనకనే పోవచ్చు గద, తొందర ఏముంది?" అంటరు. నిజమే, వలీమాకు పోయేటప్పుడు తొందర లేదు. జనాజాకు ఉంటది. మన దగ్గర మయ్యత్‌ను నిలబెట్టరు, దఫన్ తొందరగ అయిపోవాలె. రాత్రి రెండు గంటలకు ఫోన్ వస్తది, జొహర్ నమాజ్ తర్వాత జనాజా అని. చిన్నమ్మ ఆఖరి దీదార్ కోసం అమ్మీ ఏడ్చుకుంట కూర్చుంటది, ఇంట్లో వాళ్లంత ఒకటే బండి ఎక్కుతరు. అప్పుడు ఆ బండి నడిపే కొడుకు లారీ వెనక ఎంతసేపు సబర్ చేస్తడు? చెయ్యాలె, చెయ్యమనే నేను చెప్త. కని మనిషి గుణం తెలిసి కూడ బలం లేని బండి చేతికి ఇచ్చుడు ఎంతవరకు ఇన్సాఫ్?

ఇప్పుడు బండ్ల సంగతి. మన ఇండ్లలో అందరి నజర్ పడే చవక ఏడు సీట్ల కారు రెనో ట్రైబర్. 2019లో వచ్చింది. సీట్లు ఏడు, సిలిండర్లు మూడు. 999 సీసీ ఇంజన్, 72 పీఎస్ పవర్, 96 న్యూటన్ మీటర్ల టార్క్. (పీఎస్ అంటే హార్స్‌పవర్ అనుకోండి, ఫరక్ కొంచెమే. టార్క్ అంటే లాగే బలం. సంసారుల బండికి అసలు కావాల్సింది అదే.) ఖాళీ బండి దాదాపు 950 కిలోలు. మనిషికి 60 కిలోలు వేసుకున్నా ఏడుగురికి 420, సామాన్ 30. మొత్తం 1,400 కిలోలు. ఏసీ వేసుకుంటే ఆ 72లో నుంచి అది కూడ తన హిస్సా తీసుకుంటది. పైగ ఆ టార్క్ పూర్తిగ వచ్చేది 3,500 ఆర్‌పీఎం కాడ, అంటే గేరు తగ్గించి ఇంజన్‌ను అరిపిస్తే గని రాదు. బండి తెలివిగ కట్టిన బండే. అంత తక్కువ పొడవులో అన్ని సీట్లు ఇరికిచ్చుడు హునర్ పనే, దాన్ని తక్కువ చెయ్య. కని సీట్లు లెక్కపెట్టిన కంపెనీ మనుషుల బరువు ఎందుకు లెక్కపెట్టలే?

ఎర్టిగా మెరుగు, 103 పీఎస్ ఉంటది. అదే ఎర్టిగా సీఎన్‌జీది తీసుకుంటే 88కి, 121 న్యూటన్ మీటర్లకు పడిపోతది. ఖర్చు తగ్గుతదని ఎక్కువ మంది చూసేదేమో అదే. ఆ గ్యాస్ సిలిండర్ డిక్కీలో కూర్చుంటది కాబట్టి సామాన్ అంత మనుషుల ఒళ్లోకి వస్తది.

పెద్దలు ఒక మాట అంటరు. "మా జమానాలో అంబాసిడర్ల పది మందిమి పోయినం, డీజిల్ ఇంజన్‌కు నలభై హార్స్‌పవర్ గూడ లేకుండె, ఏమైంది?" ఆ మాట ఝూట్ కాదు. 1983 డిసెంబర్‌లో వచ్చిన మొదటి మారుతి 800ది గూడ నలభై లోపే. కని ఆ రోజులలో లారీ గూడ మెల్లగ పోయేది, ఎదురు వచ్చే బస్సు గూడ మెల్లగనే. ఇప్పటి లారీలు బరువు మోసుకొని గూడ కార్ల తోటి పందెం పెడుతున్నయి. రోడ్డు మీద అందరి వేగం పెరిగి మన బండి ఒక్కదాని బలం పెరగకుంటే పాత హిసాబ్ పనికి రాదు.

నడుమ కొన్ని ఏండ్లు మాత్రం ఈ విషయంలో మన బతుకు బాగుండె. చిన్న డీజిల్ ఇంజన్ల కాలం అది. స్విఫ్ట్, డిజైర్‌లో వచ్చిన 1.3 లీటర్ డీజిల్ ఇంజన్ పవర్ 75 పీఎస్సే, కని టార్క్ 190 న్యూటన్ మీటర్లు, అదీ 2,000 ఆర్‌పీఎంకే. ఐదుగురు కూర్చున్నా, మేకను కట్టినా లాగేది. టాక్సీ నడిపే మన పిల్లలు ఇప్పటికీ ఆ పాత డిజైర్లను వదలకుండ ఎందుకు పట్టుకొని ఉన్నరో వాళ్లను అడగండి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చినయి, చిన్న డీజిల్‌ను కొత్త నిబంధనలకు మార్చుడు ఖర్చు అని మారుతి డీజిల్‌నే బంద్ చేసింది. పొగ తగ్గుడు మంచిదే, మన పిల్లల ఊపిరితిత్తులు గూడ మనయే. కని ఆ లాగే బలం పోయిన జాగాలో ఏం పెట్టిండ్రు? చాన బండ్లలో ఏం పెట్టలే.

ఎందుకు పెట్టలే అంటే కంపెనీ ఒక్కదాన్నే అనుడు నా ఇన్సాఫ్ కాదు. సర్కార్ లైన్ గీసింది. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ పన్ను 24 శాతం నుంచి 16కు దించిండ్రు. చిన్న కారు అంటే ఏందో గూడ అందులనే చెప్పిండ్రు: పొడవు 4 మీటర్లు దాటొద్దు, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ, డీజిల్ 1,500 సీసీ దాటొద్దు. అప్పటి నుంచి ఈ దేశంలో బండ్లను ఆ కొలబద్ద తోటే కోస్తున్నరు. 2017లో జీఎస్టీ వచ్చినా ఆ లైన్ చెరగలే. 2025 సెప్టెంబర్ 22 నుంచి లైన్ లోపల ఉన్న కారుకు 18 శాతం, దాటినదానికి 40 శాతం. అంతకుముందు సెస్సు కలిపి పెద్ద బండ్లకు ఇంకా ఎక్కువ ఉండె, తగ్గింది నిజమే, మానుత. కని పన్ను లేకుండ 8 లక్షల ధర ఉన్న బండి మీద 18 శాతం అంటే 1 లక్షా 44 వేలు. 40 శాతం అంటే 3 లక్షల 20 వేలు.

ఎర్టిగా పొడవు 4 మీటర్లు దాటుతది. అంటే అమ్మీ, అబ్బా, దాదీమాను కలిపి ఒకటే బండిలో తీసుకపోయే ఆటో డ్రైవర్ కొడుకూ, ఫార్చునర్‌లో తిరిగే సాహెబ్ ఇద్దరూ ఒకటే 40 శాతం కడుతున్నరు. సర్కార్ లెక్కలో అది విలాసాల ఖానా. ఏడుగురు కలిసి ఉండుడు విలాసమా? తల్లిదండ్రులను విడిచిపెట్టి నలుగురే చిన్న కారులో పోయే ఇంటికి రాయితీ, అందరినీ ఎంట పెట్టుకొని పోయే ఇంటికి జుర్మానా. సీట్లనూ మనుషులనూ చూడకుండ పొడవు కొలిచే పన్ను ఇట్లనే ఉంటది.

ఇక పేర్ల పర్దా. నాకు అన్నిటికంటె కోపం ఇక్కడ వస్తది. మారుతి ఆల్టో కె10, ఎస్‌ప్రెసో, సెలెరియో, వ్యాగన్ఆర్ – నాలుగు పేర్లు, నాలుగు ముఖాలు. బానెట్ ఎత్తితే ఒకటే 998 సీసీ ఇంజన్, 67 పీఎస్, 89 న్యూటన్ మీటర్లు. వ్యాగన్ఆర్‌కు 1.2 లీటర్‌ది గూడ ఉన్నదని న్యాయానికి చెప్పాలె. ఎర్టిగా, ఎక్స్‌ఎల్6, టొయోటా రూమియన్ – ఒకటే ఇంజన్, ఒకటే ఢాంచా. బలెనోకు టొయోటా షాపులో పేరు గ్లాంజా. ఫ్రాంక్స్‌కు టైసర్. గ్రాండ్ విటారాకు హైరైడర్. మళ్లీ మారుతికే షోరూమ్‌లు రెండు రకాలు, ఒక దాంట్లో ఎల్‌ఎక్స్‌ఐ, వీఎక్స్‌ఐ, జెడ్‌ఎక్స్‌ఐ అంటరు, ఇంకో దాంట్లో అదే చదువును సిగ్మా, డెల్టా, జీటా, ఆల్ఫా అంటరు. హుందాయిలో ఎస్‌ఎక్స్ వేరు, బ్రాకెట్‌లో ఓ పెడితే వేరు. టాటాలో స్మార్ట్, ప్యూర్, క్రియేటివ్, ఫియర్‌లెస్, వాటి పక్కన ప్లస్సులు. మద్రసాలో పిల్లగాడు అలిఫ్, బే నేర్చుకున్నంత టైం పడుతది ఇవి నేర్చుకునేందుకు.

ఇన్ని రకాలు ఉంటే మనకు కావాల్సింది దొరకాలె గద? దొరకదు. నిరుడు మా ఖాలా ఇంటికి బండి చూద్దామని ఒక షోరూమ్‌కు పోయినం. నా సవాల్ ఒకటే: "ఏడుగురు కూర్చొని ఏసీ వేసుకుంటే లాగుతదా?" ఆ పిల్లగాడు జవాబ్‌గ స్క్రీన్ ఎన్ని ఇంచులో చెప్పిండు. రెండోసారి అడిగితే సన్‌రూఫ్ తెరిచి చూపించిండు. మన ఎండాకాలంలో ఆ తెరుచుకునే కప్పు ఎవరికి కావాలె? వాని తప్పు లేదు, వానికి నేర్పింది అదే. ఒక మెట్టుకు ఇంకో మెట్టుకు నడుమ నలభై, యాభై వేలు ఉంటది. "ఇంకొంచెం వేస్తే ఇది వస్తది సార్" అనుకుంట ఆ మెట్లు ఎక్కిచ్చుడే వాని కొలువు.

బలమైన ఇంజన్ ఉన్నా దాన్ని ఆఖరి మెట్టు మీద పెడతరు. 2024 జనవరిలో కొత్త క్రెటా వచ్చినప్పుడు 160 పీఎస్ టర్బో ఇంజన్ అన్నిటికంటె పై రకంలో మాత్రమే ఇచ్చిండ్రు. అంటే బలం కావాలంటే తోలు సీట్లు, సన్‌రూఫ్, కెమెరాలు అన్నీ కొనాలె. మన ఇండ్లకు ఇక్కడ ఇంకో పేచీ ఉన్నది. సూద్ లేకుండ కొనాలని చూసేవాళ్లు మనలో చాన మంది. దుబాయి నుంచి కొడుకు పంపినవి, చిట్టీ ఎత్తినవి, బంగారం అమ్మినవి కలిపి రఖమ్ ఒకటి జమ అయితది. దానికి హద్దు ఉంటది. కిస్తీలలో కొనేవానికి ఇంకో లక్ష అంటే నెలకు రెండు వేలు ఎక్కువ అంతే. నఖద్ తోటి కొనేవానికి ఆ లక్ష అంటే ఇంకో ఏడాది ఆగుడు, లేకుంటే బ్యాంకు గడప తొక్కి సూద్‌లో పడుడు. ఇంజన్‌ను షోకులకు కట్టేసి అమ్ముడు అందుకే నాకు చిన్న తప్పు లెక్క కనపడదు.

చెయ్యరాదా అంటే వస్తది. మహీంద్రా 2024లో ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ తెచ్చినప్పుడు 7 లక్షల 49 వేల మొదటి రకానికే 111 పీఎస్, 200 న్యూటన్ మీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ పెట్టింది. పొడవు 4 మీటర్ల లోపలే, ఇంజన్ 1,200 సీసీ లోపలే, అంటే సర్కార్ లైన్ దాటకుండనే. అది ఐదుగురి బండి, ఏడుగురికి పనికి రాదు, మైలేజీ గూడ కొంచెం తక్కువ. అయినా ఒక సంగతి సాబిత్ అయితది: బలం ఖరీదైన వస్తువు కాదు, దాన్ని ఖరీదు చేస్తున్నరు.

తప్పు మన దిక్కు గూడ ఉన్నది. "కిత్నా దేతీ హై?" అని అడుగుడు తప్ప "కిత్నా ఖీంచ్తీ హై?" అని మనం ఎప్పుడు అడిగినం? కంపెనీ మనకు మైలేజీ చూపిచ్చి నోరు మూయిస్తది. 2024 మేలో కొత్త స్విఫ్ట్ వచ్చింది: నాలుగు సిలిండర్లు పోయి మూడు అయినయి, 90 పీఎస్ పోయి 82 అయింది, కాగితం మీద మైలేజీ 22 నుంచి 24 దాటింది. అందరూ చప్పట్లు కొట్టిండ్రు. ఆ కాగితం మైలేజీ ల్యాబులో, రోలర్ల మీద, ఏసీ బంద్ పెట్టి, ఖాళీ బండి బరువుకు 150 కిలోలు మాత్రం కలిపి తీసేది. 150 కిలోలంటే మనలో ఇద్దరు, ఒక సంచీ. మిగిలిన ఐదుగురిని ఎక్కించిన నాడు చిన్న ఇంజన్‌ను ఎక్సిలేటర్ ఆఖరు దాకా తొక్కాలె, ఆ మైలేజీ ఎటు పోతదో పెట్రోల్ బంకు కాడ తెలుస్తది.

ఇంకొక తప్పు నోటికి తెచ్చుకునేందుకు షరమ్ అయితది. జహేజ్‌లో కారు అడిగేవాళ్లు "టాప్ మోడల్" అంటరు గని "మంచి ఇంజన్" అనరు. నికాహ్ రోజు షాదీఖానా ముందట నిలబెట్టేందుకు సన్‌రూఫ్ పనికి వస్తది, ఇంజన్ ఎవరికీ కనపడదు. ఆ మెట్ల ధరలన్నీ పిల్ల తండ్రి కంధాల మీద పడుతున్నయి. కంపెనీలకు మన ఈ రోగం బాగ తెలుసు.

రకాలు తక్కువైతే మన చిన్న ఊర్లకు ఇంకొక ఫాయిదా. మారుతి 800 సామాన్ ఏ మండలంలో పోయినా దొరికేది, ఏ మిస్త్రీ అయినా కండ్లు మూసుకొని విప్పేది. ఇప్పుడు మా మిస్త్రీ బండి పేరు కాదు, ఏ నెలలో తయారైందో, ఏ రకమో, ప్లస్సా కాదా అని అడుగుతడు. ఒక చిన్న సెన్సార్ కోసం వరంగల్‌కో ఖమ్మంకో ఫోన్లు, అది వచ్చేదాకా బండి షెడ్డులో.

బలం పెంచితే కుర్రాళ్లు జోరుగ తోలి చస్తరని కొందరి భయం. ఆ ఫికర్ నాకూ ఉన్నది. అందుకే నేను 180 వేగం పోయే ఇంజన్ అడుగుత లేను, కింది ఆర్‌పీఎంలో బరువు లాగే ఇంజన్ అడుగుతున్న. 2019 జూలై నుంచి ప్రతి కొత్త కారు 80 దాటితే మోగాలె, 120 దాటితే ఆగకుండ మోగాలె అని ఖానూన్ ఉన్నది. వేగానికి లగామ్ వేరే ఉంటది. అట్లనే బలం మీద అంధ ఐతబార్ గూడ వద్దు. 2024 సెప్టెంబర్ 1 నాడు మన పురుషోత్తమాయగూడెం కాడ ఆకేరు వాగు రోడ్డు మీదికి పొంగి ఒక తండ్రీ కూతురు కారు తోటి సహా కొట్టుకపోయిండ్రు. నీళ్ల ముందట ఏ ఇంజన్ పవర్ పనికి రాదు. నీళ్లు కనపడితే ఆగుడే.

నాకు కావాల్సింది ఎక్కువ లేదు. ఒక కంపెనీ నాలుగు బండ్లు చెయ్యని, ఒక్కొక్కటి మూడు రకాలు. ఇంజన్ చిన్నదా పెద్దదా అనేది వేరే అడగని, షోకులు వేరే. ధరల కాగితం మీద మైలేజీ పక్కన ఇంకొక అంకె రాయని: సీట్లన్నీ నిండి ఏసీ వేసుకున్నప్పుడు 50 నుంచి 80 వేగం అందుకునేందుకు ఎన్ని సెకన్లు. పన్ను రాసే సాహెబులు పొడవుతో పాటు సీట్లు గూడ చూడని.

అవన్నీ అయ్యేదాకా మన చేతిలో ఉన్నది ఒకటే, టెస్ట్ డ్రైవ్. బహు, దాదీమా ఎందుకని ఇంట్లో విడిచిపెట్టి, ఇద్దరే పోయి నున్నటి బైపాస్ మీద రెండు కిలోమీటర్లు తోలి అడ్వాన్స్ కట్టి రాకండి. ఇంటిల్లిపాదినీ తీసుకపోండి. షోరూమ్ వాళ్లు మొఖం చిన్నగ చేసుకుంటరు, చేసుకోని. ఏడుగురూ కూర్చోవాలె, ఏసీ ఫుల్ పెట్టాలె, ఏదైనా ఎత్తు ఉన్న తోవ మీద, ముందట వెనక బండి లేనప్పుడు, మూడో గేరులో 50 నుంచి 80 దాకా తొక్కి పక్కన కూర్చున్నవాళ్లను సెకన్లు లెక్కపెట్టమనండి. మీరు చూడాలనుకున్న రెండో బండిని గూడ అదే రోజు, అదే ఎత్తు మీద, అదే మనుషులతో తోలండి. రెండు అంకెలూ కాగితం మీద రాసుకున్నంకనే ధర మాట్లాడండి.